డోర్ నంబర్ 4-17, చావిడి వీధి

నీరెక్కిన 31వ ఏడు, 212వ రోజు

ఉదయం 6.10కి నీళ్ళ గేటు దగ్గర పల్లేటి నూకరత్నం చేయి ఆగిపోయింది.

ఆమె అరచేయి గేటు అద్దానికి ఆనించింది. పచ్చదీపం రాలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఆనించింది. లోపలినుంచి రికార్డు గొంతు పలికింది: "ఈ చేతిని నిలిపివేయడమైనది. పద్నాలుగు రోజుల్లో విచారణకు హాజరు కావలెను." క్యూలో అప్పటికి నలభై ఒక్క మంది ఉన్నారు. నేను ఏడోవాణ్ణి.

"చెయ్యి తడిగా ఉందేమో చూసుకోవే నూకా," అన్నారెవరో వెనకనుంచి.

"చెయ్యి తడిసేన్ని నీళ్ళుంటే ఇక్కడికెందుకొస్తాదండి," అన్నాడు తాతారావు. సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు గీకడం అతని పని. క్యూలో అందరి మీదా ఏదో ఒకటి అంటాడు. కొందరు నవ్వారు.

నూకరత్నం ఖాళీ బిందె చంకనెత్తుకుని పక్కకి తప్పుకుంది. ఎవరూ ఆమెకి నీళ్ళు పట్టి ఇవ్వలేదు. ఆగిన చేతికి ఎవరి చేతినుంచి నీళ్ళు వెళితే వాళ్ళ చేయి కూడా ఆగుతుంది. బియ్యానికీ అంతే, మందులకీ అంతే, సొమ్ముకీ అంతే; మనిషి లెక్కంతా నమోదు చేసుకున్న ఆ చేతి మీదే. పద్నాలుగు రోజుల్లో సరైన కారణం చూపించకపోతే చేయి మూసేస్తారు. చేయి మూసిన మనిషికి మేముంటున్న ఈ గట్టు మీద చోటు లేదు. కింద మైదానం శిబిరానికి పంపుతారు. నాకు తెలిసి ఇప్పటివరకు అలా ఆరుగురు వెళ్ళారు. ఆరుగురూ అక్కడే ఉండిపోయారు.

మధ్యాహ్నం పన్నెండుకి గేటు మైకులో వార్తలు చదివాను. తొట్టె మట్టం రెండు అడుగులు తగ్గింది. బియ్యం బండి ఆలస్యం. నెమలిలంక రేవు వీధి, డోర్ నంబర్ 2-9 వారి అమ్మాయి పెళ్ళి. బెస్త వీధి, 6-3 వారి పెద్దాయన మరణం. నూకరత్నం సంగతి చదవలేదు. వివరాలు తెలియవు.

213వ రోజు

నూకరత్నం ఇంటికి వెళ్ళాను. వయసు నలభై ఒకటి. మంచు వలలు అల్లేది. పొగమంచుని పట్టి నీళ్ళు చేసే ఆ వలలే గట్టుకి ఆధారం. పోయినేడు చిరుగుని తమంతట తామే అతుక్కునే వలలు వచ్చాక, షెడ్డులో ఇరవై మందికి తొమ్మిది మంది మిగిలారు. నూకరత్నం ఆ తొమ్మిదిలో లేదు. అయినా పాత వల ఒకటి ఒళ్ళో వేసుకుని కుడుతోంది.

అరుగు మీద ఆమె అత్తగారు అచ్చియమ్మ కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ళు. నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును.

"ఏరా అబ్బులూ, మా కోడలు దొంగతనం చేసిందని రాసుకోడానికొచ్చావా?"

"ఏం జరిగిందో రాసుకోడానికొచ్చాను పెద్దమ్మా."

"అయితే కూర్చో. నీళ్ళు మాత్రం అడక్కు."

నూకరత్నం వల పక్కన పెట్టింది. ఇరవై మూడు రోజులుగా ఒక ఉద్యోగం చేస్తోందట. తూర్పుతీరం సరుకుల సంస్థ అని పేరు. సరుకులు కొన్నవాళ్ళు పంపే సొమ్ము ఆమె చేతిలోకి వస్తుంది. అరగంటలోగా సంస్థ చెప్పిన ఇంకో చేతికి పంపాలి. నూటికి నాలుగు ఆమె ఉంచుకోవచ్చు.

"సరుకులేంటో చూశావా?"

"లేదండి. సరుకు మనదాకా రాదండి, లెక్క మాత్రమే అన్నారు."

"ఎవరన్నారు?"

"ఒకావిడండి. మొహం కనపడలేదు, గొంతే. ఏం పనొచ్చని కూడా అడగలేదండి. చెయ్యి తీసుకుని ఎన్నేళ్ళయిందని అడిగింది. ఇరవై రెండన్నాను. ‘చాలా మంచి చెయ్యండీ’ అంది." నవ్వబోయి మానుకుంది. "నన్ను పెళ్ళి చేసుకున్నోడు కూడా అంత మాట అన్లేదు బాబాయ్ గారూ."

"మా వాణ్ణి మధ్యలోకి లాక్కు," అంది అచ్చియమ్మ.

"ఈ ఉద్యోగం సంగతి నీకెలా తెలిసింది?" అని అడిగాను.

నూకరత్నం నావైపు కొంచెం ఆశ్చర్యంగా చూసింది.

"మీరే చదివారు కదండి, మైకులో."

214వ రోజు

చదివాను. 189వ రోజు, ఐదో అంశం. రుసుము తీసుకుని చదివిన ప్రకటన. పుస్తకంలో నా దస్తూరీలోనే ఉంది:

"తూర్పుతీరం సరుకుల సంస్థ, డోర్ నంబర్ 4-17, చావిడి వీధి, నెమలిలంక. ఇంటినుంచే పని. అనుభవం అక్కరలేదు. చేయి తీసుకుని పదేళ్ళు దాటినవారికి ప్రాధాన్యం. నెల జీతం మొదటి రోజే."

ఈ పుస్తకంలో ప్రతి అంశానికి ఎదురుగా ‘ఎలా తెలిసింది’ అని ఒక గడి ఉంటుంది. ఎవరు చెప్పారు, ఎలా సరిచూశాం అన్నది అందులో రాయాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ గడి ఖాళీగా వదల్లేదు. ఈ ప్రకటనకి ఎదురుగా రెండే మాటలు రాశాను: "చిరునామా మనదే."

నెమలిలంక ముప్పై ఒక్క ఏళ్ళుగా సముద్రం కింద ఉంది. గట్టు మీద పుట్టిన పిల్లలకి కూడా ఆ డోర్ నంబర్లే చెప్పి బళ్ళో చేర్పిస్తాం. పెళ్ళికి, చావుకి, తగువుకి అదే చిరునామా. గట్టు మీది గది నంబర్లు బియ్యం బండివాడికి తప్ప ఎవరికీ తెలియవు. చావిడి వీధి అని వినగానే ఎవరో మనవాళ్ళే సంస్థ పెట్టుకున్నారనుకున్నాను. ఎక్కడ పెట్టుకున్నారని అనుకోలేదు.

ప్రకటనతోపాటు ఇచ్చిన ఫోను నంబరుకి మాట్లాడాను. ఆడగొంతు, నూకరత్నం చెప్పినదే.

"మీ చేయి ఎన్నేళ్ళది సార్?"

"ముప్పై."

"చాలా మంచి చెయ్యండీ."

"మీ ఆఫీసుకి వచ్చి కలుస్తాను. ఎక్కడమ్మా?"

"చావిడి వీధండి. 4-17. ఐసు ఫ్యాక్టరీ ఎదురుగా."

"ఇప్పుడక్కడ లోతెంత ఉంటుంది?"

"పై అధికారిని అడిగి చెప్తాను సార్," అంది. లైను పోయింది. మళ్ళీ కలవలేదు.

సాయంత్రం అచ్చియమ్మని అడిగాను. ఆమె పుట్టింది చావిడి వీధిలోనే.

"4-17లో ఇల్లెక్కడిదిరా? అది ఖాళీ జాగా. మా నాన్న వలలు ఆరేసుకునేవాడు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా పెద్దమ్మా."

"నన్నెవడడిగాడు? నువ్వు మైకులో చదివితే నిజమే కామోసనుకున్నాను. ఇల్లు కట్టేరేమో అనుకున్నాను."

216వ రోజు

నూకరత్నం గడప ముందు సగం నిండిన బకెట్టు ఉంది. పక్కింటి పైడితల్లి మర్చిపోయి వెళ్ళిందట. ఎదురింటి వరహాలమ్మ చెంబు మర్చిపోయింది. నిన్న ఇంకెవరో గంజి తపేలా మర్చిపోయారు. ఈ వీధిలో ఇంత మతిమరుపు ఎప్పుడూ చూడలేదు. గేటుకి తెలియకుండా నాలుగు రోజులుగా ఇలా నడుస్తోంది.

నేను కూడా ఇవాళ ఒక సీసా మర్చిపోయాను.

218వ రోజు

మొదటి విచారణ. గోడలోంచి మాట్లాడే యంత్రం విచారిస్తుంది. దాన్ని మా వాళ్ళు గోడగారంటారు. కోపం లేదు, తొందర లేదు, మర్యాదగా మాట్లాడుతుంది. ఎవరైనా ఏడిస్తే ఆగుతుంది, ఏడుపయ్యాక అదే వాక్యం మొదటినుంచి చెబుతుంది.

నూకరత్నం స్టూలు మీద కూర్చుంది. నేను సాక్షిగా నిలబడ్డాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, రెండో స్టూలు లేదు.

"మీ చేతి గుండా ముప్పై ఎనిమిది మంది సొమ్ము వెళ్ళినది," అంది గోడ. "వారందరూ మోసపోయినవారే. దొంగ సొమ్ము నేరుగా దొంగను చేరినచో పట్టుబడును. పాత, మచ్చలేని చేతుల గుండా నాలుగైదు మార్లు మారినచో కూలి సొమ్మువలె కనబడును. మీరు అట్టి ఒక చేయి."

"నాకు తెలీదండి."

"ఆ సంస్థ చిరునామా సముద్రగర్భమున ఉన్నది. నెమలిలంకవాసిగా ఆ విషయము మీకు తెలియునా?"

"తెలుసండి."

"అనగా అక్కడ ఏ సంస్థయు ఉండజాలదని మీకు తెలియును. తెలిసియు పని చేసితిరి."

నూకరత్నం నావైపు చూసింది. చిరునామా మనది కాబట్టి నమ్మామని నేను చెప్పాను. వినడానికి అది సంజాయిషీలా లేదని నాకు చెబుతున్నప్పుడే అర్థమైంది. పుస్తకం తెరిచి ఇరవై ఆరేళ్ళ పెళ్ళిళ్ళు, చావులు చూపించాను. గోడగారు పదకొండు నిమిషాలు చదివారు.

"ఇది ఒక చోటి అలవాటని అంగీకరించవచ్చును. ఆమెకు మాత్రమే కలిగిన భ్రమ కాదని నిరూపణ కావలెను. ఆమె కాక అదే చోటివారు ఐదుగురు, అదే సంస్థను అదే కారణమున నమ్మి, దానినుండి సొమ్ము తీసుకున్నట్లు చేయి ఉంచి చెప్పవలెను. అప్పుడది ఆ చోటి పొరపాటుగా పరిగణింపబడును. ఎవరి చేయియు మూయబడదు. అందరికీ తొంభై రోజులు సగం నీళ్ళు."

"ఐదుగురు రాకపోతే?" అన్నాను.

"వచ్చినవారు కూడా ఈమెతో సమానులగుదురు."

అంటే నలుగురు వస్తే నలుగురి చేతులూ పోతాయి.

లేచేముందు నూకరత్నం అడిగింది. "ఆ ముప్పై ఎనిమిది మంది పేర్లు చెప్తారాండి?"

"పేర్లు వెల్లడించబడవు. ఒకరు కంటి శస్త్రచికిత్సకు దాచుకొన్నది పంపిరి."

బయటికొచ్చాక మెట్ల దాకా నడిచింది. అక్కడ ఆగింది.

"ఒక కన్నా, రెండు కళ్ళా బాబాయ్ గారూ? అది చెప్పలేదు."

219వ రోజు

పన్నెండు గంటల వార్తల్లో మొదటి అంశంగా ఇది చదివాను:

"189వ రోజు నేను చదివిన తూర్పుతీరం సంస్థ ప్రకటన తప్పు. అలాంటి సంస్థ లేదు. సరిచూడకుండా చదివాను. మీకు ఏం పని వచ్చో అడక్కుండా మీ చేయి ఎన్నేళ్ళదో అడిగేవాళ్ళు మీకు ఉద్యోగం ఇవ్వడం లేదు. వాళ్ళకి కావలసింది మీ చేయి. మీకు తెలియనివాళ్ళ సొమ్ము వస్తే, అరగంటలో ఇంకొకరికి తోసెయ్యమంటే, అది పని కాదు. చేస్తున్నవాళ్ళు ఇవాళే ఆపండి. గోడగారి ముందు నూకరత్నం తరఫున చెప్పడానికి ఐదుగురు కావాలి. మొదటివాణ్ణి నేను. ప్రకటన రుసుము ఆ సంస్థనుంచే తీసుకున్నాను కాబట్టి నాకు అర్హత ఉంది."

నలుగురు చాలరన్న సంగతి కూడా చదివాను. దాచి పిలిస్తే నేను కూడా వాళ్ళలాంటి ప్రకటనే చదివినట్టు అవుతుంది.

క్యూలో చాలామంది నేల చూశారు. గాలికి వలలు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత రెండో అంశం, తొట్టె మట్టం చదివాను.

221వ రోజు

పైడితల్లి వచ్చింది. ఆమె వెనకే వరహాలమ్మ. ఇద్దరూ షెడ్డులో నూకరత్నం పక్కన కూర్చుని వలలు అల్లినవాళ్ళు. ఇద్దరూ నా వార్త వినేదాకా పద్దెనిమిది రోజులు ఆ ఉద్యోగమే చేశారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

"ఎవరికీ చెప్పొద్దందండి ఆవిడ," అంది పైడితల్లి. "చెప్తే పోటీ పెరిగి జీతం తగ్గుద్దంది."

"నాకూ అదే చెప్పింది," అంది వరహాలమ్మ. "ఈ మాయదారి మనిషి ఇంట్లో కొత్త పళ్ళెం కనపడితే నేను ఎన్ని రకాలుగా అనుకున్నానో."

"ఏమనుకున్నావేంటి?"

"ఇప్పుడెందుకులే."

ఇద్దరూ చేయి ఉంచుతామన్నారు. నాతో కలిపి ముగ్గురం.

222వ రోజు

ఆసుపత్రి ఊడ్చే ఏసుదాసు వచ్చాడు. నాలుగు రోజులే చేశాడు, నా వార్త విని ఆపేశాడు. నిలబడే మాట్లాడాడు.

"నలుగురమే అయితే నేను కూడా పోతాను గదండి."

"పోతావు."

"ఐదోవాడు దొరుకుతాడాండి?"

"తెలియదు."

కొంచెంసేపు చీపురు పుల్లలు సరిచేసుకున్నాడు. "రాసుకోండి," అన్నాడు.

223వ రోజు

ఐదోవాడు ఎవరో నాకు తెలుసు. ఉదయం క్యూలో నా ముందు నిలబడ్డాడు. నూకరత్నం చేయి ఆగినప్పటినుంచీ ఆమె మీద అందరికన్నా ఎక్కువ జోకులు వేసింది తాతారావే. ఇవాళ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి మణికట్టు చూసుకున్నాడు. సొమ్ము చేరినప్పుడు అక్కడ చర్మం కింద చిన్న అదురు వస్తుంది. క్యూ వదిలి పంపు వెనక్కి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. అంతకుముందు రెండు ఉదయాలు కూడా ఇలాగే చేశాడు. ఉప్పు గీకే కూలి నెలకోసారే పడుతుంది.

మధ్యాహ్నం అతను పలకలు గీకుతున్న చోటికి నిచ్చెన ఎక్కి వెళ్ళాను.

"ఈ వయసులో నిచ్చెనలెందుకండి రిపోర్టరు గారూ. పడితే ఆ వార్త ఎవరు చదువుతారు?"

"ఎన్ని రోజుల్నించి చేస్తున్నావు?"

గీకడం ఆపలేదు. "ఏంటండి చేసేది?"

"చావిడి వీధి ఉద్యోగం."

ఈసారి ఆపాడు. ఉప్పు పొడి చేతులకి, కనుబొమలకి అంటి ఉంది.

"మా ఆవిడకి ఏడో నెలండి. ఆస్పత్రి చీటీ నా చేతి మీదే ఉంది. నా చెయ్యి ఆగితే దాన్ని లోపలికి రానివ్వరు. ఐదుగురైనా సగం నీళ్ళంటారు. సగం నీళ్ళతో బాలింత ఎలా బతుకుద్దండి? మీరు చెప్పండి, రాసుకుంటాను."

అతని చేయి ఎలాగూ ఆగుతుందని, ఇవాళ కాకపోతే పది రోజులకని, అప్పుడు చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరని అన్నాను. అది నిజమే.

"పది రోజులంటే పది రోజులండి," అన్నాడు. "అప్పటికి ఇంకోసారి చూపించుకుంటాది."

మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు. నేను దిగాను.

224వ రోజు

నిన్నటి సంగతి నేను చెప్పాక నూకరత్నం తానే తాతారావు ఇంటికి వెళ్ళింది. నన్ను కూడా రమ్మంది, విన్నది విన్నట్టు రాయాలంది. తాతారావు గుమ్మంలోనే నిలబడ్డాడు. వెనక అతని భార్య సింహాచలం గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"నువ్వు రావద్దు తాతా. ఆ మాట చెప్పిపోదామనొచ్చాను," అంది నూకరత్నం.

"నేనెక్కడికి రావాలి? నాకేటి సంబంధం?" అన్నాడు.

"ఏం సంబంధం లేదులే. నేను పన్నెండు రోజులు మర్చిపోయిన చెంబులతో బతికాను, ఇంకో రెండు బతుకుతాను. కిందకి పంపితే కిందకెళ్తాను. అక్కడ మనుషులు లేరా? పాపం ఈ నలుగురే, రావద్దంటే వినట్లేదు. నువ్వన్నా విను."

"ఎగతాళికా వదినా?"

"ఎగతాళి నీ పని. నా పని వలలు కుట్టడం."

ఆమె తిరిగి వచ్చేస్తుంటే సింహాచలం లోపల్నించి అంది: "ఆ మైకులో చెప్పిన ఉద్యోగం నువ్వు కూడా చేస్తున్నావేటయ్యా? నువ్వు పలకలకి కూలి పెంచారన్నావు?"

తాతారావు తలుపు వేశాడు. ఆ తర్వాత ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో వినలేదు, రాయడం లేదు.

నూకరత్నాన్ని ఒకటి అడిగాను: నిజంగానే అతన్ని రావద్దనుకుంటున్నావా?

"నిజంగానేనండి." కొంతదూరం నడిచాక, "వస్తే బాగుణ్ణని కూడా ఉందండి. రెండూ రాసుకోండి," అంది.

225వ రోజు

తొట్టె మట్టం ఇంకో అరడుగు తగ్గింది. బియ్యం బండి వచ్చింది. తూర్పుతీరం సంస్థ ఫోను నంబరుతోనే ఇంకో పేరున కొత్త ప్రకటన వచ్చింది, చిరునామా నెమలిలంక బెస్త వీధి. చదవలేదు. ‘ఎలా తెలిసింది’ గడిలో "అచ్చియమ్మని అడిగాను, ఆ డోర్ నంబరుతో ఇల్లు లేదు" అని రాసి, ప్రకటన కాపీని గోడగారికి పంపాను.

సాయంత్రం ముగ్గురి దగ్గరికీ వెళ్ళాను. ఐదోవాడు లేడని, మనసు మార్చుకున్నా ఎవరూ ఏమీ అనుకోరని చెప్పాను. పైడితల్లి వరహాలమ్మ వైపు చూసింది, వరహాలమ్మ ఏసుదాసు వైపు చూసింది.

"రేపు ఎన్నింటికండి?" అన్నాడు ఏసుదాసు.

రేపటి కార్యక్రమం ఇది. 8.30కి విచారణ గది తెరుస్తారు. 9 గంటలకి నూకరత్నాన్ని పిలుస్తారు. సాక్షులు 9.00 నుంచి 9.15 లోపల గోడ అద్దానికి చేయి ఆనించాలి. వరస: నేను, పైడితల్లి, వరహాలమ్మ, ఏసుదాసు. అచ్చియమ్మ కూడా వస్తానంది, సంస్థ సొమ్ము ముట్టలేదు కాబట్టి తన చేయి పనికిరాకపోయినా.

ఆసుపత్రి కూడా విచారణ గది ఉన్న వరండాలోనే ఉంది, నాలుగు తలుపుల అవతల. ఇవాళ ఆసుపత్రి బల్ల మీద పెట్టిన చీటీల వరస చూశాను. సింహాచలానికి ఇచ్చిన టైము ఉదయం 9.05. ఆమెను లోపలికి పంపడానికి తాతారావు చేయి కావాలి కాబట్టి అతనూ వస్తాడు.

9.15కి అద్దం ఆరిపోతుంది.